కుక్క చిప్పలో చరిత్ర

రాజులు ఏం తిన్నారో చెప్పే పుస్తకాలు ఉన్నాయి. సైన్యాలు ఏం తిన్నాయో చెప్పేవీ ఉన్నాయి. ఆదివాసులు ఏం తిన్నారో చెప్పేవి తక్కువ. ఆదివాసి ఇంటి కుక్క ఏం తిన్నదో చెప్పేవి మా కంటబడలేదు. ఇదీ ఒక చరిత్రేనా అని కొందరు నవ్వవచ్చు. కానీ కుక్క చిప్పలోకి తొంగి చూస్తే ఆ ఇంటి పొయ్యి మీద ఏం ఉడికిందో తెలుస్తుంది. ఆ ఇంటికి ఆ ఏడు పంట పండిందో లేదో తెలుస్తుంది. ఇప్పుడు ఆ చిప్పలోకి ఫ్యాక్టరీ తిండి వస్తున్నది. అది ఎక్కడ పుట్టింది, అందులో ఏమేం కలుపుతారు, దానికీ మనలాంటి అడవి ప్రజలకూ ఉన్న సంబంధం ఏమిటి అన్నది ఇక్కడ చెప్పుకుందాం.

ఒకే కుండ, రెండు నోళ్లు

మా కోయ భాషలో కుక్కను ఊరిని బట్టి నెయ్ అనీ నయ్ అనీ అంటాం. గోండుల మాట కూడా దాదాపు ఇదే. తమిళంలో నాయ్, కన్నడలో నాయి. కొండల్లో ఉన్నవాళ్లం, మైదానాల్లో ఉన్నవాళ్లు ఇన్ని వేల ఏళ్లుగా ఈ జంతువును ఒకే వేరు నుంచి పుట్టిన మాటతో పిలుస్తున్నామంటే, ఈ స్నేహం ఎంత పాతదో ఊహించవచ్చు. కాశ్మీరులోని బుర్జహోం దగ్గర కొత్త రాతియుగం నాటి సమాధులు తవ్వితే మనుషుల ఎముకల పక్కన కుక్కల ఎముకలు బయటపడ్డాయి. బతికున్నప్పుడు తోడున్న జంతువును చనిపోయాక కూడా తోడుగా పెట్టుకున్నారు.

అంత కాలం కలిసి బతికితే తిండి కూడా కలుస్తుంది. 2013లో స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కుక్క జన్యువులను తోడేలు జన్యువులతో పోల్చి చూశారు. గింజల్లో, దుంపల్లో ఉండే పిండి పదార్థాన్ని అరిగించే జన్యువు తోడేలుకు రెండు ప్రతులే ఉంటే, కుక్కకు నాలుగు నుంచి ముప్పై దాకా ఉన్నాయని తేల్చారు. అంటే మనిషి వండుకున్న గింజ తిని తిని కుక్క ఒళ్లే మారింది. కుక్క అంటే మాంసం మాత్రమే తినే జంతువనే మాట సగమే నిజం. మన అంబలి తాగడం దానికి కొత్త కాదు.

మా ఊళ్లలో కుక్కకు వేరే వంట ఉండేది కాదు. జొన్న గటక వండితే అడుగున అంటిన మాడు, గంజి, చోడి అంబలి, ఎండు చేపల తలలు, కోడిని కోస్తే పేగులు, కాళ్లు. తినే చిప్ప కూడా పగిలిన కుండ పెంకో, కొబ్బరి చిప్పో. కరువు వచ్చి ఇంట్లోవాళ్లు మామిడి టెంకల జీడి దంచి కడిగి అంబలి కాచుకున్నప్పుడు కుక్కా అదే తాగింది. జీలుగు చెట్టు బోదె నరికి లోపలి పిండి తీసి జావ కాచుకున్న రోజుల్లోనూ అంతే. ఇంటివాళ్లు పస్తుంటే అదీ పస్తుంది.

వేటకు వెళ్లిన రోజుల్లో మాత్రం దాని లెక్క వేరు. దుప్పినో పందినో నిలేసిన కుక్కకు వాటా ఉండేదని మా పెద్దలు చెబుతారు. అది దయ తలచి వేసిన ముక్క కాదు. దాని కష్టానికి దక్కిన కూలి. ఇప్పుడు వేట చట్టరీత్యా నేరం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కుక్కకు ఇప్పుడున్న పని పోడు చేలోకి పందులు రాకుండా, కోళ్ల గూటి దగ్గరికి అడవి పిల్లి రాకుండా చూడడం. పని మారింది గాని, పని చేసిన నోటికి అన్నం పెట్టాలన్న నీతి మారలేదు.

లండన్‌లో పుట్టిన బిస్కెట్

ఫ్యాక్టరీ కుక్క తిండికి మొదలు 1860 ప్రాంతంలో లండన్ నగరం. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా వ్యాపారి పిడుగుల నుంచి కాపాడడానికి ఇళ్లకు బిగించే కడ్డీలు అమ్మడానికి ఇంగ్లండు వచ్చాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను వీధి కుక్కలు ఎగబడి తినడం చూసి అతనికి ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. ఓడ ప్రయాణంలో నెలల తరబడి నిలవ ఉండడానికి గోధుమ పిండి, నీళ్లు కలిపి రాయిలాగ కాల్చిన బిస్కెట్లు అవి. స్ప్రాట్ గోధుమ పిండిలో బీట్‌రూట్, ఇతర కూరగాయలు, ఎండబెట్టిన మాంసం కలిపి కుక్కల కోసమే బిస్కెట్ చేశాడు. దానికి పేటెంటు తీసుకున్నాడు.

కొన్నది ఎవరు? వేట కుక్కలు పెంచే ఇంగ్లీషు జమీందార్లు. పేదవాడి కుక్క పేదవాడి ఎంగిలే తిన్నది. స్ప్రాట్ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో తన పేరుతో లండన్‌లో కుక్కల ప్రదర్శన మొదలుపెట్టాడు. ఈనాటికీ ప్రపంచంలో పేరున్న కుక్కల ప్రదర్శన అదే. జాతి కుక్క అనే గొప్ప, దానికి ప్రత్యేకమైన తిండి అనే వ్యాపారం ఒకే ఇంట్లో పెరిగాయి. మనుషులకు కులం కట్టినట్టే కుక్కలకూ కట్టారు. ఆ లెక్కలో మన ఊరి కుక్క ఏ జాతీ కానిదైంది.

ప్రెయిరీ మాంసం

స్ప్రాట్ బిస్కెట్ ప్రకటనల్లో ఒక మాట కనిపిస్తుంది. అందులో కలిపిన మాంసం ‘ప్రెయిరీ’ మాంసం అని. ప్రెయిరీ అంటే ఉత్తర అమెరికా నడిమధ్యన ఉన్న విశాలమైన గడ్డి మైదానాలు. ఆ మాంసం అడవిదున్నదా, పశువుదా, అందులో ఏ భాగం అన్నది కంపెనీ విప్పి చెప్పలేదు. కొనేవాడికి ఆ పేరు వింటే చాలు, విశాలమైన గడ్డి నేలలు కళ్ల ముందు కనబడతాయి. ఆ నేలల మీద అదే కాలంలో జరిగింది మాత్రం మనం తెలుసుకోవాలి.

ఆ మైదానాలు లకోటా, చెయెన్, కొమాంచె, కయోవా వంటి ఆదివాసి జాతులవి. వాళ్ల బతుకంతా బైసన్ అనే అడవిదున్న మీద నడిచింది. మాంసం తిండికి, తోలు గుడారానికి, ఎముక పనిముట్టుకు. స్పెయిన్ వాళ్ల ద్వారా గుర్రాలు రాకముందు వాళ్ల సామాను మోసింది కుక్కలే. రెండు కర్రలు త్రికోణంగా కట్టి, వాటి మీద మూటలు పెట్టి, కుక్క భుజాలకు తగిలించేవారు. దున్నను కొడితే ఆ కుక్కలకూ మాంసం దొరికేది. పెద్దగా చెప్పక్కర్లేదు, మా ఊరి వేట లెక్కే అక్కడా.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఆ మైదానాల్లో మూడు నుంచి ఆరు కోట్ల బైసన్‌లు ఉండేవని అంచనా. 1869లో అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకు రైలు పట్టాలు కలిశాయి. బైసన్ తోలును యంత్రాల బెల్టులకు పనికొచ్చేలా పదును చేసే పద్ధతి 1870 తర్వాత వచ్చింది. అంతే, తుపాకులు పట్టుకుని తోలు వేటగాళ్లు దిగారు. తోలు ఒలుచుకుని మాంసాన్ని మైదానంలోనే కుళ్లబెట్టి వదిలేశారు. తర్వాత ఎముకలు కూడా ఏరి రైలు బండ్లలో ఎరువు ఫ్యాక్టరీలకు తోలారు. 1880ల చివరికి మిగిలినవి వెయ్యి, అంతకు కొంచెం అటూ ఇటూ. దున్నలు పోతే ఆ ప్రజలు ఆకలికి లొంగి, గీత గీసిన రిజర్వేషన్లలోకి వస్తారని సైన్యాధికారులకు తెలుసు. అట్లాగే జరిగింది. తమ నేల మీద తాము వండుకుని తిన్నవాళ్లు ప్రభుత్వం పంచే పిండి కోసం వరుసలో నిలబడ్డారు.

మా కోయలకు ఇది దూరపు కథ కాదు. పండుగకు మేము అడవిదున్న కొమ్ములు తలకు కట్టుకుని డోలు కొట్టి ఆడతాం. ఆ దున్న ఇప్పుడు మా ఊరి చుట్టుపక్కల కనబడదు. ప్రెయిరీలో దున్నలు అంతరించిన ఆ రోజుల్లోనే మా గోదావరి ఏజెన్సీకి 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మా అడవికి గీతలు గీసి రిజర్వు అన్నారు. అక్కడ రిజర్వేషను, ఇక్కడ రిజర్వు. ఆ ప్రజల ఇంటి కుక్కకు దున్న మాంసం దొరకని రోజుల్లో ప్రెయిరీ పేరు పెట్టుకున్న బిస్కెట్ లండన్ దొరల కుక్కలకు అందింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమనే మా మాట.

డబ్బా నుంచి గింజ దాకా

తర్వాతి కథ యంత్రాలది. 1908లో న్యూయార్క్‌లో బెన్నెట్ బిస్కెట్ కంపెనీ బొమిక ఆకారంలో బిస్కెట్ చేసింది. అదే తర్వాత మిల్క్ బోన్ అనే పేరుతో అమ్ముడైంది. 1931లో ఆ కంపెనీని పెద్ద బిస్కెట్ కంపెనీ ఒకటి కొన్నది. బొమిక కాని బొమికను కుక్కకు అమ్మడం అప్పటి నుంచి నేర్చారు. నిజానికి ఆ ఆకారం కుక్క కోసం కాదు, కొనే మనిషి కంటి కోసం.

1922లో ఇలినాయ్ రాష్ట్రంలోని రాక్‌ఫర్డ్‌లో చాపెల్ సోదరులు డబ్బాలో కుక్క తిండి పెట్టారు. అది గుర్రపు మాంసం. మోటారు బండ్లు, ట్రాక్టర్లు వచ్చాక గుర్రాలకు పని పోయింది. పొలం దున్నిన గుర్రం, మైదానాల్లో తిరిగిన అడవి గుర్రం డబ్బాలోకి చేరాయి. రెండో ప్రపంచ యుద్ధంలో రేకు సైన్యానికి కావలసి వచ్చి డబ్బాలు ఆగాయి. దాంతో పొడి తిండి ముందుకొచ్చింది. 1957లో ప్యూరినా కంపెనీ, ఉదయం పాలలో వేసుకునే మొక్కజొన్న రేకుల వంటివి చేసే యంత్రంతోనే కుక్క తిండి చేసి అమ్మింది. మొక్కజొన్న పిండి, మాంసపు పొడి ముద్ద కలిపి, ఆవిరితో ఒత్తిడి పెట్టి సన్నటి రంధ్రం గుండా నెడతారు. బయటికి రాగానే మరమరంలాగ పొంగుతుంది. ఆరబెట్టి, పైన కొవ్వు చల్లుతారు. కుక్క ఆశగా తినేది ఆ కొవ్వు వాసనకే. ఇప్పుడు సంతలో, కిరాణాకొట్లో సంచుల్లో కనబడే గింజల తిండి ఇదే. మన తెలంగాణలో సిద్దిపేట జిల్లాలో కూడా ఇట్లాంటి ఫ్యాక్టరీ నడుస్తున్నది.

సంచి మీద రాత, సంచిలో పదార్థం

ఈ తిండిలో ఏముంటుంది? ముందు గింజలు: మొక్కజొన్న, గోధుమ, నూక, సోయా పిండి. తర్వాత మాంసం. అది మనం సంతలో కొనే కండ కాదు చాలాసార్లు. కబేళాలో మనుషులు తినకుండా మిగిలిన ఊపిరితిత్తులు, పేగులు, ఎముకలను బాగా మరిగించి, కొవ్వు వేరు చేసి, ఎండబెట్టి, పొడి కొడతారు. ఆ పైన కొవ్వు చెడిపోకుండా మందు, రంగు, ఉప్పు, విటమిన్లు, ఖనిజాలు.

ఇందులో అన్నీ చెడ్డవని మేము చెప్పడం లేదు. పేగులు, కాలేయం కుక్కకు బలమే. మా ఇళ్లలో కోడి పేగులు వేసింది అందుకే. విటమిన్లు, ఖనిజాలు కొలిచి కలపడం కూడా మంచిదే. పెరిగే కూనకు ఉత్త అన్నం, గంజి చాలవు, ఎముకలు వంగుతాయి. మేము అడిగేది ఒక్కటే. తినే జంతువు మాట్లాడలేదు, కొనే మనిషికి వంటగది కనబడదు. అప్పుడు కలిపేవాడిని ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకు 2007 సంవత్సరం జవాబు చెప్పింది. ఆ మార్చి నెలలో మెనూ ఫుడ్స్ అనే కెనడా కంపెనీ ఆరు కోట్ల దాకా డబ్బాలు, పొట్లాలు వెనక్కి పిలిచింది. వందకు దగ్గరగా వేరువేరు పేర్లతో అమ్మిన తిండి అది. ఒక్క వంటశాలలో వండి అన్ని పేర్లు అతికించారన్నమాట. అది తిన్న కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు పాడై చనిపోయాయి. చైనా నుంచి తెప్పించిన గోధుమ జిగురు పిండిలో మెలమైన్ కలిసిందని తేలింది. మెలమైన్ అంటే పళ్లాలు, బల్ల పలకలు చేసే రసాయనం. దాన్ని ఎందుకు కలిపారు? తిండిలో మాంసకృత్తులు ఎంత ఉన్నాయో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో నత్రజనిని కొలుస్తారు. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. చిటికెడు కలిపితే నాసిరకం పిండి కూడా పరీక్షలో బలమైన పిండిగా లెక్కకొస్తుంది. కాగితం మీద అంకె పెరిగింది, కుక్క కడుపులో విషం పడింది.

మరుసటి ఏడు, 2008లో, అదే మెలమైన్ చైనాలో పసిపిల్లల పాలపొడిలో దొరికింది. సుమారు మూడు లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు. ఆరుగురు చనిపోయారని అక్కడి ప్రభుత్వమే చెప్పింది. కుక్క చిప్పలో మొదలైన మోసం పిల్లల పాల సీసా దాకా రావడానికి ఒక్క ఏడాది చాలింది. కుక్క తిండి గురించి మాట్లాడితే మనుషుల సంగతి మానేసి కుక్కల సంగతి ఎందుకు అనేవారికి ఇదే మా జవాబు. మాట్లాడలేని నోళ్లు రెండు: ఒకటి కుక్కది, ఇంకొకటి పసిబిడ్డది.

‘సహజం’ అని అట్ట మీద రాస్తే నమ్మవచ్చా అంటే, అదీ కుదరదు. 2007 నుంచి అమెరికాలో కోడి మాంసం ఎండబెట్టి చేసిన కుక్క చిరుతిండ్ల మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చిన సరుకు. కొన్నేళ్లలో వెయ్యికి పైగా కుక్కలు చనిపోయాయని అక్కడి ఆహార శాఖకు ఫిర్యాదులు అందాయి. ఎన్ని పరీక్షలు చేసినా ఖచ్చితమైన కారణం ఆ శాఖకు దొరకలేదు. ఎండు మాంసం మా ఇళ్లలోనూ చేస్తాం. పొగ మీద వేలాడదీసి, ఎవరు కోశారో, ఎప్పుడు కోశారో తెలిసిన మాంసం అది. తేడా వస్తువులో లేదు, తెలియడంలో ఉంది.

మన తిండే తిరిగి వచ్చి

ఇప్పుడు పట్నాల్లో గాలి మారింది. డబ్బున్నవాళ్లు కుక్కలకు ఇంట్లో వండినట్టుండే సహజమైన చిరుతిండ్లు కొంటున్నారు. రాగి బిస్కెట్, జొన్న బిస్కెట్, గుమ్మడికాయ బిస్కెట్ అని అందమైన పొట్లాల్లో అమ్ముతున్నారు. నేపాల్ కొండల ప్రజలు జడల బర్రె పాలు విరగ్గొట్టి, పిండి, నెలల తరబడి పొగ మీద ఎండబెట్టి ఛుర్పీ అనే గట్టి పదార్థం చేస్తారు. చలి కొండల్లో మేకలు, బర్రెలు కాసేవాళ్లు దాన్ని బుగ్గన పెట్టుకుని గంటల తరబడి నములుతారు. 2000 తర్వాత అది అమెరికాకు కుక్కలు కొరికే బొమికగా ఎగుమతి అవుతున్నది. కొండ మనిషి తిండికి మనిషి తిండిగా రాని ధర కుక్క తిండిగా వచ్చింది. ఆ కొండవాళ్లకు నాలుగు డబ్బులు వస్తే సంతోషమే. కానీ ఆలోచించాల్సింది ఉంది. చోడి అంబలి తాగేవాళ్లని మనల్ని వెక్కిరించిన లోకమే ఈరోజు చోడి పిండిని పొట్లం కట్టి ఆరోగ్యం అంటున్నది.

మన ఊళ్లలో అదే సమయంలో తిరగబడి జరుగుతున్నది. బడి పిల్లలు ఇంటి అంబలి చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. కిరాణాకొట్టు నుంచి క్రీము బిస్కెట్లు కొని, తాము సగం తిని, కుక్కకు సగం వేస్తున్నారు. కుక్క తోక ఊపుతుంది, నిజమే. ఆ బిస్కెట్‌లో ఉండేది మైదా, పంచదార, నూనె. పిల్లల పళ్లకూ, కుక్క పళ్లకూ చేసే కీడు ఒకటే.

అందుకని తరగతి గదిలో మేము ఒక పని చేయిస్తాం. పిల్లలు తిన్న పొట్లాలు తెచ్చి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పేర్లు పైకి చదువుతారు. ముందు రాసినది ఎక్కువ కలిపినట్టు, చివర రాసినది తక్కువ కలిపినట్టు. తర్వాత ఇంటికి వెళ్లి అవ్వను అడిగి, గటకలో ఏమేం వేస్తారో రాసుకొస్తారు. జొన్న నూక, నీళ్లు, ఉప్పు. మూడే మాటలు. ఆ రెండు జాబితాలు పక్కపక్కన గోడకు అంటిస్తే పాఠం మేము చెప్పనక్కర్లేదు.

కుక్కకు ఇంట్లో చిరుతిండి చేయాలంటే కష్టం లేదు. చోడి పిండిలో ఉడికించి మెదిపిన గుమ్మడికాయ లేదా చిలగడదుంప, ఒక గుడ్డు కలిపి గట్టిగా పిసికి, చిన్న బిళ్లలు వత్తి, పెనం మీద సన్న సెగన రెండు వైపులా కాల్చి, ఎండలో ఆరబెడితే చాలు. ఉప్పు, బెల్లం వద్దు. నాలుగు రోజుల్లో వాడేయాలి. ఇది చిరుతిండే, పూట తిండి కాదు. పూట తిండిలో గింజతో పాటు గుడ్డో, చేపో, పేగులో ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి, కాబట్టి కూర కలిపిన అన్నం వేసేవాళ్లు చూసుకోవాలి. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషమే. ఉడికిన కోడి ఎముక సూదిలా చీలి గొంతులో దిగుతుంది. పులిసిన ఇప్పపువ్వు దగ్గరికి రానివ్వకూడదు.

ఈ మాటల్లో చాలావరకు మన అవ్వలకు తెలుసు, కొన్ని పశువుల డాక్టర్ల దగ్గర నేర్చుకున్నాం. రెండూ రాసి పెట్టుకోవాలి. ప్రెయిరీ ప్రజల తిండి ఎట్లా పోయిందో చరిత్రలో ఉంది, ఎందుకంటే పోగొట్టినవాళ్లు లెక్కలు రాసుకున్నారు. ఎన్ని తోళ్లు, ఎన్ని ఎముకల బండ్లు అని. మన తిండి ఎట్లా ఉండేదో మనమే రాసుకోకపోతే, రేపు మన పిల్లలు దాన్ని వేరేవాళ్ల పొట్లం వెనక చిన్న అక్షరాల్లో చదువుకోవాల్సి వస్తుంది.